అర అంగుళం

నాకో జబ్బుంది. ఎవరైనా ఏదైనా చెబుతుంటే సగం విని, మిగతా సగం నేనే పూర్తి చేసుకుంటాను. దీనికి మందు లేదని మా అమ్మ నా చిన్నప్పుడే చేతులెత్తేసింది. మా ఆయనైతే ముఖ్యమైన మాటేదన్నా ఉంటే రెండుసార్లు చెప్పి, మూడోసారి నాచేత అనిపించుకుంటాడు. ఆ వానాకాలం దాకా ఇది మా ఇంట్లో నవ్వుకునే సంగతే.

మా ఆయనకి నీళ్ళ పంపుహౌసులో పని. బదిలీ అయితే కొత్త ఊరికి వెళ్ళాం, ఆయనా నేనూ మా మామయ్యా. అత్తయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు. మామయ్య నలభై ఏళ్ళు పుస్తకాల బైండింగు చేసిన మనిషి. పాత ఊళ్ళో ఆయన పనిచేసే షాపువాళ్ళు మూడేళ్ళ కిందట ఆయన్ని ఇంటికి పంపేశారు. పని తగ్గిందట అని మాతో చెప్పారు, మేం నమ్మాం. సామాన్లు సర్దేటప్పుడు ఆ చెక్క ప్రెస్సు, కోత కత్తి, సూదులు, దారపు ఉండలు ఎవరికైనా ఇచ్చేద్దామని నేనన్నాను. ఆయన వెళ్ళి ప్రెస్సు మీద చెయ్యేసుకుని కూర్చున్నారు. దాన్నీ లారీ ఎక్కించాం.

కొత్త ఇల్లు రెండు గదులు, ఒక వరండా. వాన పడితే వరండా సగం తడుస్తుంది. తడవని సగంలో మామయ్య కుర్చీ. పొద్దున్న కూర్చుంటే మళ్ళీ లైట్లు వేసే వేళకి లేచేవారు. ఆయన ఎవరినీ పలకరించరు, ఆయన్నెవరూ పలకరించరు. కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని కడుపు నిండిందనేవారు. రెండు వారాలు తిరిగేసరికి చొక్కా భుజాల మీంచి జారడం మొదలుపెట్టింది. నాకు లోపల భయం వేసింది. పైకి మాత్రం, ఇలాగే కూర్చుంటే ఇంటాయన మిమ్మల్ని కూడా సామాన్ల లిస్టులో రాసుకుంటాడు మామయ్యా అని వేళాకోళం ఆడాను. నవ్వలేదు.

వీధి చివర లైబ్రరీ ఉంది. పేపర్లైనా తిరగేస్తారు, నలుగురు మనుషులు కనబడతారు అని నేనే ఆయన్ని బయల్దేరదీశాను. గొడుగు ఒకటే కావడంతో ఇద్దరం చెరోవైపు తడుస్తూ వెళ్ళాం. కార్డు కావాలంటే ఫొటో, ఇంటి చిరునామా రుజువు, వాటితో పాటు ఆ ఊళ్ళో ఎవరైనా ఒకరి పూచీ సంతకం కావాలన్నారు. మాకు ఆ ఊళ్ళో తెలిసింది ఇంటాయన ఒక్కడే. సంతకం అనగానే పెన్ను లేదన్నాడు. పెన్ను చేతికిస్తే కళ్ళజోడు ఎక్కడో పెట్టానన్నాడు. ఆ ఖాళీ ఫారం పట్టుకుని మళ్ళీ వెళ్ళి, మీ లైబ్రరీకి ఓ దణ్ణం అని మొహం మీదే అనేసేదాన్నే. అంతలో లైబ్రేరియన్ నా చేతిలోంచి ఫారం లాక్కుని, నేనూ ఈ ఊరిదాన్నేగా అంటూ తనే పూచీ సంతకం పెట్టేసింది. వినడంలోనే కాదు, నా నోరూ తొందరే. ఆ రోజు మాత్రం అది మూతపడిపోయింది.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మూసే వేళకి చేత్తో ఒక ఇత్తడి గంట వాయించుకుంటూ బల్లల మధ్య తిరిగేది, అందుకని నేనావిడకి గంటమ్మ అని పేరు పెట్టుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఆ నెల రోజూ లైబ్రరీకే. మామయ్య కిటికీ పక్క బల్ల దగ్గర పేపరు పరుచుకుని కూర్చునేవారు. ఒక్కో పేజీ గంటసేపు చూసేవారు. ఎంత శ్రద్ధగా చదువుతారో అనుకునేదాన్ని.

నేను తెచ్చుకున్న మొదటి పుస్తకం కుట్లూ అల్లికలది. ఇంటికొచ్చేసరికి అందులో పదహారు పేజీలు విడిగా చేతిలోకొచ్చాయి. మామయ్య దాన్ని తీసుకుని వెన్ను మీద వేళ్ళు నడిపి, కుట్టు చచ్చిపోయింది అన్నారు. వారం రోజుల్లో ఆయన నోట్లోంచి వచ్చిన పూర్తి వాక్యం అదే. సాయంత్రానికి ప్రెస్సు దులిపి, మైదా జిగురు కాయించుకుని, పుస్తకాన్ని విప్పి మళ్ళీ కుట్టి అట్ట వేసేశారు. మర్నాడు గంటమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఎవరు చేశారు ఇది అని అడిగింది. చెప్పాను. బీరువా తాళం తీసి చిరిగిన పుస్తకాలు ఆరు నా చేతుల్లో పెట్టింది. వీటికీ ఆ చెయ్యి తగిలితే బాగుంటుంది అంది.

ఆ పూట మామయ్య రెండోసారి అన్నం అడిగారు. గిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

ఆయన పనికో పద్ధతి ఉండేది. పుస్తకం విప్పేముందు నన్ను పిలిచి, "లోపల ఏమైనా ఉందేమో చూడమ్మా" అనేవారు. నేను పుస్తకాన్ని వెన్ను పట్టుకుని తలకిందులుగా దులిపేదాన్ని. ఏ బస్సు టిక్కెట్టో, తలపిన్నో, మందుల చీటీయో రాలేది. ఇక ఏమీ లేదు మామయ్యా అనేదాన్ని. అప్పుడు విప్పడం, కుట్టడం. కుట్టు అయ్యాక ప్రెస్సులో బిగించి మూడు వైపులా అంచులు కోసేవారు. ఆ కోత నేనెప్పుడూ నిలబడి చూడలేదు. కత్తి చప్పుడు మాత్రం వంటింట్లోకి వినిపించేది, ఉల్లిపొర నలిపినట్టు. కోసిన పేలికలు పారెయ్యడం ఆయన వంశంలో లేదు. ఎప్పుడో దేనికో పనికొస్తాయని మంచం కింద గోనెసంచిలో వేసుకునేవారు.

ఆరు పుస్తకాలూ కొత్త పెళ్ళికూతుళ్ళలా తయారయ్యాయి. వాటిని అప్పజెప్పిన రోజే గంటమ్మ ఆ ఏడో పుస్తకం ఇచ్చింది.

అది ఆ ఊరి గురించి ఎప్పుడో అచ్చేసిన పుస్తకం. వీధులు, బావులు, బడి, బస్టాండు, ఎవరు ఎప్పుడు కట్టించారు, అక్కడక్కడ ఫొటోలు. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు వారాలకి అది ఇంటికిచ్చి పంపడం ఆ లైబ్రరీలో ఆనవాయితీ అట. అంచుల్లో ఊరివాళ్ళు రాసుకున్నవి ఉంటాయి, పెన్సిలుతో, అవే అసలు చదవాల్సినవి, చదివాక మీరూ ఒక మాట రాయొచ్చు అని చెప్పింది. ఇది నాకిప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అప్పుడు మాత్రం నా చూపంతా దాని అట్ట మీదే ఉంది. ఆ ఆరింటి కంటే హీనంగా ఉంది, మూలలు చీకిపోయి, వెన్ను ఊడి వేలాడుతోంది. దీన్ని కొత్తది చేసి తెచ్చి ఈవిడ బల్ల మీద పెడితే మొహం ఎలా వెలిగిపోతుందో అని ఆలోచిస్తూ తల ఊపాను. మా పూచీ తీసుకున్న మనిషికి ఇంతకంటే ఏం చెయ్యగలం అనుకున్నాను.

ఇంటికొచ్చి మామయ్య ఒళ్ళో పెట్టాను. గంటమ్మకి ఇదంటే ప్రాణంలా ఉంది మామయ్యా, మీ పనితనమంతా చూపించండి అన్నాను.

ఆయన దాన్ని చాలాసేపు తడిమారు. కాగితం మంచిది, అంచులే కుళ్ళిపోయాయి, కాస్త ఎక్కువ తియ్యాలి అన్నారు. తర్వాత ఎప్పటిలాగే అడిగారు, లోపల ఏమైనా ఉందేమో చూడమని. పొయ్యి మీద పాలున్నాయి. వెన్ను పట్టుకుని రెండుసార్లు దులిపాను. ఒక రావాకైనా రాలలేదు. "ఏమీ లేదు మామయ్యా" అని పాలు దించడానికి పరిగెత్తాను.

నాలుగు రోజులు పట్టింది. ముదురెరుపు గుడ్డ అట్ట, తెల్లటి దారం, గాజుపలకలా నున్నటి అంచులు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి దాన్ని చూసి, నాన్నా ఇది అమ్మకానికి పెట్టొచ్చు అన్నాడు. మామయ్య సిగ్గుపడ్డారు. ఆయన సిగ్గుపడటం నేను చూడటం అదే మొదలు.

సోమవారం ఇద్దరం తీసుకెళ్ళాం. ఉతికిన తువ్వాల్లో చుట్టి మామయ్యే పట్టుకున్నారు. తనే ఇస్తానన్నారు. గంటమ్మ తువ్వాలు విప్పి, ఏ పుస్తకమో తెలియక నవ్వింది. వెన్ను మీద నేను రాసి అతికించిన పేరు చూసింది. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది గానీ దాని వెనకాల మనిషి లేదు. పుస్తకం తెరిచింది. ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది. తర్వాత గబగబా తిప్పడం మొదలుపెట్టింది. ఏమైందండీ అని నేను బల్ల మీదికి వంగి చూశాను.

అంచు మీద సన్నటి పెన్సిలు రాత. "ఈ మలుపులో మా నాన్న నాకు సైకిలు నేర్పు" అని ఉంది. ఆ తర్వాత కాగితం లేదు. పక్క పేజీలో "వరదొచ్చిన ఏడు మేమంతా ఈ మేడ మీ" అని ఉంది. దాని కిందది ఎవరి పేరో, సగం. పేజీ తర్వాత పేజీ, ఊరంతా మాట మధ్యలో ఆగిపోయి ఉంది.  

గంటమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. యాభై ఏళ్ళ రాతలివి అని మెల్లిగా అంది. వీళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు అంది. తర్వాత మామయ్య వైపు తిరిగింది.

"నలభై ఏళ్ళు ఈ పని చేశానన్నారు. రాసి ఉన్న కాగితం మీద కత్తి ఎలా పెట్టారండీ? మీ కోడలికి నేను చెప్పి మరీ ఇచ్చానే."

 ఎప్పుడూ ముందుండే నా నోరు, సరిగ్గా కావలసిన వేళకి పెగల్లేదు. మామయ్య నా వైపు తిరగలేదు. బల్ల మీద తువ్వాలు మడత పెడుతూ, "చెప్పింది. నేనే వినలేదు" అన్నారు.

పిడుగు పడ్డా అంత అదిరిపడేదాన్ని కాదు. నేను ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకది తెలుసు, నాకూ తెలుసు. తిన్నగా చూస్తూ నిలబడి, ఆయన చెప్పిన అబద్ధాన్ని నిలబడనిచ్చాను. గంటమ్మ మా కార్డు తీసి సొరుగులో వేసుకుంది. ఆదివారం లైబ్రరీ కమిటీ ఉంది, పూచీ నాది గనక వాళ్ళకి నేనే చెప్పుకోవాలి, అప్పటిదాకా రావద్దు అంది.

దారిలో వాన. గొడుగు తెరవాలని ఇద్దరికీ తోచలేదు. అబద్ధమెందుకు చెప్పారు మామయ్యా అని అడిగాను. నువ్వింకా ఈ ఊళ్ళో చాలా ఏళ్ళు బతకాలమ్మా అన్నారు, అంతే.

ఇంటికొచ్చి గోనెసంచి బోర్లించాను. అన్ని పుస్తకాల పేలికలూ, గడ్డివాములా గదంతా పరుచుకున్నాయి. అర అంగుళం వెడల్పు, జానెడు పొడుగు. రాత ఉన్నవన్నీ ఏరితే, పేజీకి పేజీ చూసుకుని అతికించుకోవచ్చని నా ఆశ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకోవాలిగా. రాసినవి ఇటు, ఖాళీవి అటు పెట్టండి మామయ్యా అని సగం ఆయన ముందుకి తోసి, మిగతా సగం నేను తీసుకున్నాను.

ఆయన చేతులు చకచకా కదిలాయి. నేను గుప్పెడు ఏరేసరికి ఆయన రెండు కుప్పలు పెట్టేశారు. అంచులు కూడా సమంగా సర్ది ఉన్నాయి. సంతోషించి రాసినవన్న కుప్ప చేతిలోకి తీసుకున్నాను. మొదటి పేలిక ఖాళీ. రెండోది ఖాళీ. మూడోదాని మీద రాత ఉంది. రెండో కుప్ప తీశాను, అందులో నాలుగింటికి రాత ఉంది. రెండు కుప్పలనీ వేళ్ళ మధ్య నలిపి చూస్తే అప్పుడు తెలిసింది. ఒకదాంట్లో మందం కాగితాలు, ఇంకోదాంట్లో పల్చనివి. ఆయన వేలితో ఏరారు, కంటితో కాదు.

తలెత్తి ఆయన మొహం చూశాను. ఆయన నా వైపే చూస్తున్నారు గానీ ఆ చూపు నా చెవి పక్కనుంచి పోతోంది. పేపరు ముందు గంటలు గంటలు కూర్చోవడం, సూదిలో దారం నాచేత ఎక్కించుకోవడం, గుమ్మం దగ్గర చెయ్యి చాచి నిలబడటం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇంట్లో ముప్పొద్దులా కళ్ళెదుట తిరిగే మనిషి. నేను చూడలేదు.

"ఎన్నాళ్ళయింది మామయ్యా?"

"మసక మూడేళ్ళ నుంచీ. ఈ ఏడు సన్నగా ఉండేవి బొత్తిగా పోయాయి. అచ్చు నల్లగా అలుక్కుపోయినట్టుంటుంది. పెన్సిలైతే అసలు లేనట్టే."

షాపువాళ్ళు పని తగ్గి పంపలేదు, అందుకే పంపారు. రేపే వెళ్ళి గంటమ్మకి చెప్తానన్నాను. కావాలని చేసింది కాదని, కళ్ళు కనబడక అని చెబితే కమిటీవాళ్ళు మాత్రం మనుషులు కారా అన్నాను. అప్పుడాయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టు చూస్తే ఆయన ముసలాయనని ఎవరూ అనుకోరు.

"మా గురువుకి చూపు మందగించిందని తెలిసిన రోజున ఆయన చేతిలో కత్తి నేనే లాక్కున్నానమ్మా. కన్ను పోయినవాడికి ఈ పని తగదని పదిమందిలో అన్నాను. మళ్ళీ ఆయనకెవరూ సూది కూడా ఇవ్వలేదు. నన్ను మూర్ఖుడనుకోనీ, పొగరనుకోనీ. కనబడదని మాత్రం ఎక్కడా అనకు. మీ ఆయన దగ్గర కూడా."

 సరేనన్నాను. మూడు రోజులు ఆ పేలికలతోనే గడిపాను. మా ఆయన కంచం ముందు పెట్టుకుని అన్నం కోసం ఎదురుచూసి, తనే వడ్డించుకునేవాడు. ఊళ్ళో సంగతి పాకిపోయింది. కుళాయి దగ్గర నన్ను చూస్తే మాటలాగిపోయేవి. ఏకులా వచ్చి మేకులై కూర్చున్నారు అని ఒకావిడ నా బిందెకి చెప్పినట్టు చెప్పింది. ఇంకోసారైతే బదులు ఇచ్చేదాన్ని. మామయ్య మళ్ళీ నాలుగు ముద్దలకొచ్చారు, ఆ తర్వాత రెండుకి. చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే మనిషే పోయేలా ఉన్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అందులో నిలబడి పేలికలు ఏరాను.

రెండు వందల ముప్ఫై పేలికల మీద రాత దొరికింది. పేజీల నంబర్లు ఊహించి వరస పెట్టి, దారంతో కట్ట కట్టాను.

ఆదివారం పొద్దున్న ఆ కట్ట పట్టుకుని లైబ్రరీకి బయల్దేరితే మామయ్య కూడా చొక్కా తొడుక్కున్నారు. మీరొద్దన్నాను. కోసినవాణ్ణి నేను కదా అన్నారు.

కమిటీ ఇంకా రాలేదు. గంటమ్మ ఆ ఎర్రట్ట పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఎదురుగా ఇంకొకావిడ ఉంది, లైబ్రరీ ఎదుట ఇస్త్రీ దుకాణం నడిపే పెద్దావిడ. ఆవిడ భర్త తాపీ మేస్త్రీ, పోయి పన్నెండేళ్ళయిందట. ఆవిడకి చదువు రాదు. నెలకోసారి వచ్చి, ఆ పుస్తకంలో భర్త రాసిన నాలుగు ముక్కలు గంటమ్మచేత చదివించుకుని వెళ్తుందట. ఈ నెల వచ్చేసరికి ఇది. మామయ్యని చూడగానే లేచి నిలబడింది.

"నువ్వేనా కోసింది?"

"నేనేనమ్మా."

నేను కట్ట విప్పి బల్ల మీద పెట్టి, అన్నీ ఉన్నాయి, పేజీ పక్కన పెడితే చదవొచ్చు అని గంటమ్మతో గబగబా చెప్పాను. గంటమ్మ మేస్త్రీ రాత ఉన్న బస్టాండు పేజీ తీసింది. దాని పేలిక వెతికి ఇచ్చాను. గంటమ్మ చదవబోతుంటే ఇస్త్రీ ఆవిడ వద్దంది. పేలిక తీసుకుని మామయ్య చేతిలో పెట్టింది.

"కోసినవాడే చదవాలి. నా ఎదురుగా చదువు. ఏం కోశావో నీకూ తెలియాలిగా."

న్యాయమే అడిగింది. గదిలో పేపర్లు చదివేవాళ్ళు నలుగురైదుగురు తలలెత్తారు. మామయ్య పేలికని రెండు చేతుల్తో పట్టుకున్నారు. దాని మీద బొటనవేలు నడిపారు, ఒకసారి పై నుంచి కిందికి, మళ్ళీ కింద నుంచి పైకి. పొగరుగా ఉన్నట్టు నటించడానికి అదే సమయం. చదవను పొమ్మంటే సరిపోయేది, తిట్టి పంపేసేవాళ్ళు, గుట్టు దాగేది.  ఆవిడ అలాగే నిలబడి వినడానికి సిద్ధంగా ఉంది, మెడ కొంచెం ముందుకి వంచి.

"నాకు కనబడదమ్మా" అన్నారు మామయ్య. "మూడేళ్ళయింది. ఇది రాసిన కాగితమో ఖాళీదో కూడా నాకు తెలీదు."

గంటమ్మ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. చేతిలో పెన్ను కిందపడితే తీసుకోలేదు. ఇస్త్రీ ఆవిడ ఆయన కళ్ళలోకి తొంగి చూసింది, నిజమో కాదో పట్టుకోవాలన్నట్టు. చచ్చినా బయటపెట్టనన్న మాటని చదువురాని మనిషి ముందు ఆయన అలా బయటపెట్టేశారు. ఇక నా నోరు ఆగలేదు. నేను చెప్పానని సోమవారం ఆయన అన్నది అబద్ధం మేడం అన్నాను. అంచుల్లో రాతలున్నాయని మీరు చెప్పింది నాకే, నేను ఆయనకి చెప్పనే లేదు, ఆ రోజు నన్ను కాయడానికి అలా అన్నారు, నేను దొంగలా నిలబడి విన్నాను అన్నాను. చెబుతూ ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, మంచిపని చేశారు.

కాసేపటికి ఇస్త్రీ ఆవిడే, "అయితే నువ్వు చదువు" అంది.

పేలికని పేజీ అంచుకి ఆనించి పట్టుకున్నాను. పేలిక జారుతుంటే అక్షరాలు అతుక్కుని విడిపోతున్నాయి. గంటమ్మ అవతలి చివర వేలితో నొక్కి పట్టింది. బస్టాండు ఫొటో పక్కన, పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది. "ఈ మెట్లు నేను కట్టాను. మూడో మెట్టు ఎత్తు తప్పింది. ఎవరూ పట్టుకోలేదు. ఎక్కేవాళ్ళు చూసుకుని ఎక్కండి. మేస్త్రీ."

ఇస్త్రీ ఆవిడ ఇంకోసారి చదవమంది. చదివాను. ఆ రోజు అన్నం తినలేదు ఆయన, ఆ మెట్టు కోసం, అంది ఎవరితోనో అన్నట్టు.

తర్వాత పుస్తకాన్ని తన ముందుకి లాక్కుంది. మూసి నిలబెట్టి, కోసిన అంచు మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి నడిపింది. రోజూ వంద చొక్కాలకి మడత గీత తిన్నగా తీసే చెయ్యి అది. వెలుతురు వైపు పట్టి, ఒక కన్ను మూసి చూసింది. మామయ్య వైపు తిరిగింది.

"కళ్ళు లేకుండా ఇంత తిన్నగా ఎలా కోశావు పెద్దాయనా?"

ఆ ఊరొచ్చాక మామయ్య మొహం అలా విచ్చుకోవడం ఎవరూ చూడలేదు. ఎంత సిగ్గులో ఉన్నా, ఎంత దుఃఖంలో ఉన్నా, పని గురించి అడిగేసరికి మనిషి నిటారుగా అయ్యాడు.

"కొయ్యడానికి కళ్ళెందుకమ్మా, చెయ్యి చాలు. కోసేముందు ఒకసారి లోపల చూడాలి, దానికే కావాలి" అన్నారు.

అంతవరకే అన్నారు. ఆ చూసే పని ప్రతి పుస్తకానికీ నాకు అప్పజెప్పారని, దీనికీ అప్పజెప్పారని, ఏమీ లేదు అని నేనే చెప్పి పాల దగ్గరికి పరిగెత్తానని అనలేదు. గంటమ్మతో గానీ, కమిటీతో గానీ, కన్నకొడుకుతో గానీ ఈనాటికీ అనలేదు. అందుకే నేను చెబుతున్నాను.